పంతొమ్మిది సెకన్లు

నెల్డా ప్రూయిట్ రేడియో స్టేషన్లో చేరిన కొత్తలో మాటని బ్లేడుతో కోసేవాళ్ళు. టేపు మీద దగ్గు వినిపించిన చోట ఒక గాటు, అది అయిపోయిన చోట ఇంకో గాటు. మధ్య ముక్క తీసి బుట్టలో పడేసి, రెండు కొసలూ అతికిస్తే, దగ్గిన మనిషికి కూడా తను దగ్గినట్టు గుర్తుండేది కాదు. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. బ్లేడు పోయింది, బుట్ట పోయింది. కోసిన ముక్క కంప్యూటర్లోనే ఓ మూల పడి ఉండేది. ముప్ఫయ్యొక్కేళ్ళు ఆమె చేసింది ఆ పనే. మిస్సౌరీ కొండల్లో మా బ్రషీ ఫోర్క్ ఊరి చుట్టుపక్కల ఆమె చెయ్యి పడని గొంతు లేదు. పశువుల సంత ధరలు, చావు కబుర్లు, ఆదివారం పాస్టరు ప్రసంగం, అన్నీ ఆమె చేతి మీదుగా వెళ్ళినవే.

మొగుడు వెర్లిన్ కలప మిల్లులో పనిచేసి, ఊపిరితిత్తుల్లో రంపంపొట్టు నింపుకుని యాభై రెండేళ్ళకే పోయాడు. పిల్లల్లేరు. పొద్దున్నే స్టేషనుకి వెళ్ళడం, సాయంత్రం వచ్చి బీన్సు ఉడకబెట్టుకుని, మొక్కజొన్న రొట్టె కాల్చుకుని తినడం, బుధవారం చర్చి. తనకి అభిప్రాయాలున్నట్టు ఎవరికీ తెలీదు. అడిగినవాళ్ళూ లేరు.

ఆ స్టేషనుకి పేరు తెచ్చినవాడు రాయిస్ టాలివర్. ఇరవై నాలుగేళ్ళు కౌంటీ ప్రాసిక్యూటర్‌గా, ప్రభుత్వం తరఫున కేసులు నడిపే లాయరుగా చేశాడు. మా వైపు అది ఓట్లతో గెలవాల్సిన పదవి. తన పార్టీ వాడైన షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు పెద్ద మీదే కేసు నడిపి, మరుసటి ఎన్నికల్లో ఓడిపోయి, ఆ ఓటమిని పతకంలా తగిలించుకు తిరిగిన మనిషి. ఓడిపోయాక రేడియోలో "మీ గడప" అనే కార్యక్రమం మొదలుపెట్టాడు. గురువారం పొద్దున ఎనిమిదింటికి. రాజ్యాంగం, వారెంట్లు, తుపాకీ చట్టాలు, ఫెడరల్ ఏజెన్సీల పెత్తనం. వాషింగ్టన్లో ఎవరు గద్దె మీదున్నా, మామూలు మనిషి గుమ్మం దాకా ప్రభుత్వం ఎంతవరకు రావచ్చో, ఎక్కడ ఆగాలో చెప్పేవాడు. ఆయనకి బాగా కోపం తెప్పించే విషయం ఒకటుంది. ఏజెంటు వారెంట్ కోసం జడ్జికిచ్చే ప్రమాణ పత్రం రాస్తూ, నిందితుడికి పనికొచ్చే వాక్యం ఒకటి వదిలేస్తాడు. "రాసింది ప్రతి అక్షరం నిజమే అంటాడు" అనేవాడు రాయిస్. "వదిలేసిన వాక్యం సంగతేంటయ్యా? అబద్ధం రాయక్కర్లేదు, నిజంలో సగం కొట్టేస్తే చాలు." ఆ మాటలు పెట్రోలు బంకు దగ్గర జనం ఒకళ్ళకొకళ్ళు అప్పజెప్పుకునేవాళ్ళు.

ఆయనకో అలవాటుండేది. ఒక మాట గట్టిగా కొట్టినట్టు చెప్పి, కాస్త ఆగి, "ఇక రెండోవైపు చూద్దాం" అనేవాడు. అప్పుడు గొంతు తగ్గేది. ఏజెంట్లలో తనకి తెలిసిన మంచివాళ్ళ గురించి చెప్పేవాడు, ఫలానా తీర్పులో ప్రభుత్వం వాదనే సబబనేవాడు. ఆ కార్యక్రమం గంటసేపు నడిచినన్నాళ్ళూ రెండు వైపులకీ చోటుండేది.

తర్వాత స్టేషను చేతులు మారింది. కర్టిస్ అనే కొత్త మేనేజరు వచ్చాడు. చుట్టుపక్కల రాష్ట్రాల స్టేషన్లకి ఈ కార్యక్రమం పంపాలంటే, ప్రకటనలు పోను ఇరవై రెండు నిమిషాలే ఉండాలన్నాడు. మంగళవారం గంటసేపు రికార్డు చెయ్యడం, గురువారానికి నెల్డా దాన్ని ఇరవై రెండు నిమిషాలకి దించడం.

"ఏది తియ్యమంటారు?" అని అడిగింది నెల్డా.

"వేడిగా ఉన్నదంతా ఉంచు. చప్పబడ్డ చోట కొట్టెయ్" అన్నాడు కర్టిస్. "జనం కార్లో వెళ్తూ వింటారు నెల్డా. పరీక్షకి చదవరు."

అలా ఆరేళ్ళు కొట్టేసింది. రాయిస్ తన కార్యక్రమం తను ఎప్పుడూ వినేవాడు కాదు. తన గొంతు తనకి నచ్చదనేవాడు. కానీ జనం ఏ మాటలకి భుజం తడుతున్నారో ఆయనకి తెలుస్తూనే ఉంది. ఏడాదికేడాది రెండోవైపు చూడటం ఆయనకీ తగ్గుతూ వచ్చింది.

ఓ మార్చి మంగళవారం పక్క కౌంటీ నించి ఒకావిడ ఫోన్ చేసింది. "బయట నిలబడి వారెంట్ ఉందని అరుస్తారు. నిజమో కాదో నాకెలా తెలుస్తుందండీ?" అంది.

"తెలీదమ్మా" అన్నాడు రాయిస్. "అందుకే చూపించమను. కిటికీకి ఆనించి చూపించమను. జడ్జి సంతకం నీ కళ్ళతో చూసేదాకా ఆ తలుపు నీది, ఆ గడప నీది. వచ్చినవాడు ఎంత పెద్ద కోటు తొడుక్కుని వచ్చినా సరే."

అక్కడ దగ్గాడు. నీళ్ళు తాగాడు. కుర్చీ కిర్రుమంది. మైకుకి కాస్త పక్కగా తిరిగి, తగ్గిన గొంతుతో ఇంకో నాలుగు మాటలన్నాడు.

"ఇక రెండోవైపు. చూపించకుండా తోసుకొస్తే మాత్రం అడ్డం పడకు. ముందే చూపించి తీరాలని చట్టంలో లేదు. తలుపు వదిలి పక్కకి జరుగు. కాగితం తప్పైతే కోర్టులో తేల్చుకుందాం. తలుపు దగ్గర పెనుగులాడినవాణ్ణి నేను కాపాడలేను."

బుధవారం మధ్యాహ్నం లెక్క చూసుకుంటే కార్యక్రమం పంతొమ్మిది సెకన్లు ఎక్కువుంది. ఆ చివరి ముక్క సరిగ్గా పంతొమ్మిది సెకన్లుంది. దగ్గుంది, కుర్చీ చప్పుడుంది, గొంతు మైకుకి అందడం లేదు. నెల్డా రెండు గాట్లు పెట్టి తీసేసింది. గురువారం మాటలు "ఎంత పెద్ద కోటు తొడుక్కుని వచ్చినా సరే" దగ్గర ఆగాయి. వెంటనే ట్రాక్టర్ల ప్రకటన.

ఆ గురువారం గార్లండ్ హెన్‌స్లీ తన ఇంటి వెనక షెడ్డులో ఎవరిదో వేటతుపాకీకి కొత్త చెక్కపిడి బిగిస్తూ రేడియో వింటున్నాడు. అరవై ఆరేళ్ళవాడు. కుడి చెవి సరిగ్గా వినపడదు. అందుకని రేడియోని ఎడమ పక్కన, బల్ల మీద పెట్టుకునేవాడు. ఆయన బాగు చెయ్యని తుపాకీ మా వైపు ఉండదు. వ్యాపార లైసెన్సు గడువు రెండేళ్ళ కిందటే అయిపోయింది. దాని గురించి వచ్చిన ఉత్తరాలు చదవకుండా కాఫీ డబ్బాలో దోపేవాడు. భార్య ఐలీన్ స్కూలు వంటగదిలో వంట చేసేది. "ఆ ఉత్తరాలకి జవాబు రాయవయ్యా" అని ఆవిడా చెప్పి చెప్పి మానేసింది.

సెప్టెంబరులో ఓ పొద్దున, ఏడు కావస్తుండగా, ఆరుగురు ఫెడరల్ ఏజెంట్లు వచ్చి తలుపు బాదారు. ఐలీన్ స్కూలుకి బయల్దేరబోతూ బూట్లు తొడుక్కుంటోంది.

"ఫెడరల్ ఏజెంట్లం. సోదా వారెంట్ ఉంది. తలుపు తియ్యండి."

"కిటికీకి ఆనించి చూపించండి" అన్నాడు గార్లండ్.

"తలుపు తీస్తే చూపిస్తాం."

"చూపిస్తే తీస్తాను."

"ఎందుకొచ్చింది, తియ్యరాదూ" అంది ఐలీన్ వెనకనించి.

"ఇది మన గడప. రాయిస్ చెప్పాడుగా" అన్నాడాయన.

మూడుసార్లు హెచ్చరించి, వాళ్ళు గడ్డపార పెట్టి తలుపు గొళ్ళెం పెకలించారు. జానెడు సందు తెరుచుకుంది. ఒక ఏజెంటు ఆ సందులో చెయ్యి పెట్టి తలుపు తొయ్యబోయాడు. గార్లండ్ తన బలమంతా పెట్టి భుజంతో తలుపు మూసేశాడు. ఆ ఏజెంటు ఎడమచేతి వేళ్ళు రెండు విరిగాయి, ఒకదాని కొస తెగిపోయింది. మరో నిమిషానికి గార్లండ్ వంటింటి నేల మీద బోర్లా పడి ఉన్నాడు. వారెంటు వాళ్ళ నాయకుడి జేబులోనే ఉంది. జడ్జి సంతకం సక్రమంగానే ఉంది.

లైసెన్సు సంగతి ఒక్కటే అయితే జైలు దాకా వెళ్ళేది కాదేమో. ఇప్పుడది ఫెడరల్ అధికారిని గాయపరిచిన కేసయింది. కోర్టు ఆయనకి మెలిండా క్రౌచ్ అనే లాయరుని ఇచ్చింది. తప్పు ఒప్పుకుంటే ఏడాదిన్నరతో పోతుందని ఆవిడ బతిమాలింది.

"తప్పు చేస్తే ఒప్పుకుంటానమ్మా" అన్నాడు గార్లండ్. "అంత పెద్ద లాయరు చెప్పినట్టు చేస్తే తప్పెలా అవుతుంది?"

జనవరిలో విచారణ. ఆ మార్చి గురువారం ప్రసారమైన కార్యక్రమం రికార్డింగు తీసుకుని రమ్మని నెల్డాకి కోర్టు కాగితం వచ్చింది. కాపీ తియ్యడానికి కంప్యూటరు తెరిచినప్పుడు ఆ కోత కంటబడింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని తీసేసిన ముక్క విన్నది. మళ్ళీ విన్నది. తర్వాత కాగితం తీసి చదివింది. "ప్రసారమైన" అనే ఉంది. ప్రసారమైనదే కాపీ తీసి కవర్లో పెట్టింది.

ఫెడరల్ కోర్టు రెండు గంటల ప్రయాణం. వరండాలో చెక్క బెంచీ మీద నాలుగు గంటలు కూర్చుంది. మధ్యాహ్నం కోర్టు ఉద్యోగి ఒకాయన వచ్చి, "రేడియోలో ఏం చెప్పారన్నదానికీ ఈ నేరానికీ సంబంధం లేదని జడ్జిగారు తేల్చేశారు. మీరింక వెళ్ళొచ్చు" అన్నాడు. నెల్డా గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. కారు దాకా దాదాపు పరుగున నడిచింది. ఆమె ఇప్పటికీ తనని తాను క్షమించుకోలేకపోతున్నది ఆ పీల్చుకున్న ఊపిరికే.

రెండు రోజుల్లో తీర్పు వచ్చింది. దోషి. శిక్ష ఎంతన్నది ఏప్రిల్లో చెబుతామన్నారు.

మరుసటి మంగళవారం రాయిస్ మైకు ముందు కూర్చుని చాలా బాధగా మాట్లాడాడు. "గార్లండ్ ముప్ఫయ్యేళ్ళుగా నాకు తెలుసు. నేను చెప్పడం వల్లే అలా చేశానని కోర్టులో అన్నాట్ట. నేను రెండువైపులా చెప్పాను. తలుపు దగ్గర పెనుగులాడొద్దని ఈ నోటితోనే చెప్పాను. మనిషి తనకి కావలసిన సగమే వింటాడు. ఏం చేస్తాం."

గురువారానికి ఆ మాటలు కొండలన్నీ తిరిగాయి. గార్లండ్ తన తప్పు తీసుకెళ్ళి మంచివాడి నెత్తిన రుద్దుతున్నాడన్నారు. చర్చిలో ఐలీన్ కూర్చునే బెంచీ మీద పక్కచోటు ఖాళీగా ఉండటం మొదలైంది. స్కూలు వంటగది గుమ్మం దగ్గర ఒకాయన, "మీ ఆయనకి చెవుడనుకున్నాం గానీ, సగమే చెవుడని తెలీదు" అని పోయాడు.

ఆ కార్యక్రమం కోసి అతికించింది కూడా నెల్డాయే. "రెండువైపులా చెప్పాను" అన్న చోట ఆమె చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. ఆ పూట పాత ఫోల్డర్లన్నీ తెరిచింది. ఆరేళ్ళలో తను తీసేసిన ముక్కలు. రోజుకో రెండు గంటలు, వారం రోజులు విన్నది. వాటిల్లో ఇంకో రాయిస్ ఉన్నాడు. నిదానంగా, అనుమానపడుతూ, అవతలివాడి మాటకీ విలువిస్తూ మాట్లాడే మనిషి. "ఆ ఏజెంట్లకీ పెళ్ళాం పిల్లలుంటారు, వాళ్ళూ సాయంత్రానికి ఇంటికి వెళ్ళాలిగా" అంటున్నాడొక చోట. ఆ రాయిస్ ఈ ఆరేళ్ళలో ఒక్క గురువారం కూడా జనానికి వినపడలేదు. వినపడనివ్వనిది తనే. ఈమధ్య ఏడాది ఫోల్డర్లో అలాంటి ముక్కలు మూడో నాలుగో ఉన్నాయంతే.

ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం కోర్టు కూడలి దగ్గర రాయిస్ ఆఫీసుకి వెళ్ళింది. ఆయన బల్ల మీద సాండ్‌విచ్ పెట్టుకుని తింటున్నాడు.

"రా నెల్డా, కూర్చో. కర్టిస్ చెప్పాడా? ఇంకో నలభై స్టేషన్లు మన కార్యక్రమం అడుగుతున్నాయట."

"చెప్పాడండీ. మీరొకటి వినాలి" అంది. చిన్న రికార్డరు బల్ల మీద పెట్టి నొక్కింది. ముందు ప్రసారమైంది, తర్వాత తీసేసింది.

రాయిస్ నమలడం ఆపేశాడు.

"ఇది ప్రసారం కాలేదా?"

"లేదండీ. నేనే తీసేశాను. పంతొమ్మిది సెకన్లు ఎక్కువైంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరెప్పుడూ అడగలేదు. వారం వారం తీస్తూనే ఉన్నాను."

ఆయన లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. "నెల్డా, విను. దీనివల్ల తీర్పు మారదు. చట్టం తెలీకపోవడం తప్పించుకునే దారి కాదు, రేడియో విని చెయ్యడం అసలే కాదు. నేనే జడ్జినైనా అదే చెబుతాను."

"తీర్పు గురించి కాదండీ. గార్లండ్ అబద్ధమాడాడని ఊరంతా అంటోంది. మీరన్నారని అంటోంది."

"నేను అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసిందే చెప్పాను."

"అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసిందిగా."

ఆయన కిటికీ తెర పక్కకి జరిపాడు.

"ప్రమాణ పత్రంలో వాక్యం వదిలేసినవాళ్ళని మీరేమనేవాళ్ళో ఆరేళ్ళుగా వింటున్నదాన్ని నేను" అంది నెల్డా. ఆమె అంత పొడుగు మాట ఆయనతో ఎప్పుడూ అని ఉండదు.

"అది దేవుడి మీద ఒట్టేసి రాసే కాగితం. ఇది రేడియో" అన్నాడు రాయిస్. గొంతులో విసుగు కంటే అలసట ఎక్కువుంది. "శిక్ష పడనీ. ఈ స్టేషన్ల వ్యవహారం తేలనీ. తర్వాత సమయం చూసి నేనే చెబుతాను."

"శిక్ష పడ్డాక చెబితే ఆయనకేం లాభం?"

"ఇప్పుడు చెబితే మాత్రం ఏం లాభం?"

నెల్డా రికార్డరు సంచీలో వేసుకుంది. ఆయన ఆపలేదు. ఆపి ఉంటే ఆగేదాన్నేమో అని తర్వాత ఐలీన్‌తో అంది.

మర్నాడు పొద్దున మెలిండా క్రౌచ్‌కి ఫోన్ చేసింది.

ఏప్రిల్లో శిక్ష ఖరారు చేసే రోజున నెల్డా బోనెక్కింది. చర్చికి తొడుక్కునే నీలం గౌను వేసుకుంది. రెండు ముక్కలూ వినిపించారు. చేతికి కట్టు విప్పేసిన ఆ ఏజెంటు ముందు వరసలో కూర్చుని తలొంచుకుని విన్నాడు. పాతికేళ్ళుంటాయేమో. ఐలీన్ అతనికి రెండు కుర్చీల అవతల ఉంది.

జడ్జి తెల్లజుట్టు ముసలాయన. నింపాదిగా అడిగాడు.

"మిసెస్ ప్రూయిట్, జనవరిలో విచారణ రోజున మీరు ఈ భవనంలోనే ఉన్నారు కదా?"

"ఉన్నానండి."

"ఈ తీసేసిన ముక్క ఉందని అప్పటికి మీకు తెలుసా?"

"తెలుసండి."

"మరెందుకు చెప్పలేదు?"

"అడగలేదండి. ప్రసారమైంది తెమ్మన్నారు. అదే తెచ్చాను."

జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

తర్వాత గార్లండ్‌ని నిలబడమన్నాడు. "మీరు అబద్ధమాడలేదని నాకు రూఢి అయింది. మీరు విన్నది అంతే. అందుకు కొంత తగ్గిస్తాను. కానీ ఈ కుర్రవాడి వేలు తిరిగి రాదు. వారెంట్ పట్టుకొచ్చిన ప్రతి అధికారీ, ఈ తలుపు వెనక మనిషి రేడియోలో ఏం విన్నాడో అని భయపడాల్సిన స్థితి నేను రానివ్వలేను." యాభై ఒక్క నెలలు పడాల్సింది, నలభై ఒకటి వేశాడు.

గార్లండ్ వెళ్ళబోతూ ఆ ఏజెంటు వైపు తిరిగి, "నీ చేతికి నొప్పి తగ్గిందా అబ్బాయ్?" అని అడిగాడు. అతను తలూపాడు. నెల్డా వైపు గార్లండ్ చూశాడు గానీ ఏమీ అనలేదు. తనవైపు ఆయన చెవిటి చెవే ఉందేమో, తను ఏమన్నా అని ఉంటే వినపడేది కాదేమో అని నెల్డా చాలా రోజులు అనుకుంది. నిజానికి ఆమె ఏమీ అనలేదు.

సోమవారం కర్టిస్ ఆమె బల్ల ఖాళీ చేయించాడు. "నువ్వు నిజం చెప్పావని కాదు నెల్డా" అన్నాడు. "మమ్మల్ని అడక్కుండా చెప్పావు, అదీ నా బాధ." మధ్యాహ్నానికి కంప్యూటర్లో ఆరేళ్ళ ముక్కలూ చెరిపించేశాడు. నలభై స్టేషన్లలో ముప్ఫయ్యారు ఒప్పందం మీద సంతకం పెట్టాయి. రాయిస్ ఆమెకి ఫోన్ చెయ్యలేదు. సమయం చూసి చెబుతానన్న మాట ఏ గురువారమూ చెప్పలేదు.

ఊళ్ళో అరవయ్యేళ్ళ ఆడమనిషికి పనెవరిస్తారు? ఆగస్టులో స్కూలు వంటగదిలో గిన్నెలు కడగడానికి మనిషి కావాలన్నారు. వంటమనిషి ఐలీన్ అని తెలిసే వెళ్ళింది నెల్డా.

ఐలీన్ ఆమెని ఎగాదిగా చూసి, "ఆప్రన్ ఆ మేకుకి ఉంది. వేణ్ణీళ్ళ కుళాయి ఎడమకి తిప్పాలి" అంది. మొదటి ఏడాదంతా ఇద్దరి మధ్యా దాదాపు అంతే మాటలు. ట్రేలు, గరిటెలు, పిండి బస్తాలు. గార్లండ్ జైలు రెండు రాష్ట్రాలవతల. నెలకో ఆదివారం ఐలీన్ బస్సెక్కి వెళ్ళి, సోమవారం ఎర్రబడ్డ కళ్ళతో పనిలోకి వచ్చేది. ఎలా ఉన్నాడని అడిగే మొహం నెల్డాకి లేదు. రెండో శీతాకాలం మాత్రం ఐలీన్ తనంతట తానే, "గుండెల్లో నొప్పంటున్నాడు. పేరు రాయించుకుంటే మూడు వారాలకి డాక్టరు చూస్తాడట" అంది బంగాళాదుంపలు చెక్కుతూ.

డాక్టరు వంతు రాకుండానే ఫిబ్రవరిలో పోయాడు. పొద్దున పదింటికి వంటగది ఫోన్ మోగింది. ఐలీన్ విని, రిసీవరు పెట్టేసి, గోడకి ఆనుకుని నిలబడింది. అలాగే కింద కూర్చుంది.

"గార్లండ్" అంది. అంతే.

ఆ పూట రెండొందల పదిమంది పిల్లలకి నెల్డా ఒక్కతే వండి వడ్డించింది. గ్రేవీ మాడింది. పిల్లలెవరూ వద్దనలేదు. మధ్యమధ్యలో వచ్చి ఐలీన్ చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళింది. ఆ గ్లాసు సాయంత్రం దాకా నిండుగానే ఉంది. శిక్ష మొదలై ఇరవై రెండు నెలలైంది. తగ్గించిన పది నెలలూ ఆయనకి అక్కరకు రాలేదు.

అంత్యక్రియలకి రాయిస్ వచ్చాడు. చర్చిలో వెనక నిలబడి, సమాధి దాకా రాకుండా వెళ్ళిపోయాడు. ఆ గురువారం వంటగది రేడియోలో ఆయన గొంతు వినపడింది. జైల్లో వైద్యం అందక చచ్చిపోయిన మన ఊరి మనిషి గురించి, ఫెడరల్ ప్రభుత్వం చేతుల్లో ఉన్న ప్రాణానికి విలువ లేకపోవడం గురించి, ఇరవై రెండు నిమిషాలూ మాట్లాడాడు. ఆ మాటల్లో తప్పు లేదు. ఆ బాధ నటన కూడా కాదు. రేడియో కట్టెయ్యబోయింది నెల్డా. ఐలీన్ చెయ్యి అడ్డం పెట్టి చివరిదాకా విన్నది.

"బాగా మాట్లాడతాడు" అంది ట్రాక్టర్ల ప్రకటన వచ్చాక.

కాసేపు ఇద్దరూ పని చేసుకున్నారు. ఐలీన్ పిండి పిసుకుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఒకటి అడుగుతాను. ఆ రోజు కార్యక్రమంలో తియ్యడానికి ఇంకేమీ లేవా?"

నెల్డా కుళాయి కట్టేసింది. ఈ ప్రశ్న కోసమే తను ఈ వంటగదిలోకి వచ్చిందని ఆమెకి అప్పుడు తెలిసింది. సమయం చాల్లేదని చెప్పొచ్చు, మేనేజరు చెప్పాడని చెప్పొచ్చు.

"ఉన్నాయి" అంది. "మొదట్లో ఏదో జోకు చెప్పాడు, అది తియ్యొచ్చు. ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలున్నాయి. వాటిని ఉంచాను. ఇది నాకు చప్పగా అనిపించింది. వినేవాళ్ళెవరికీ అక్కర్లేదనుకున్నాను."

ఐలీన్ చాలాసేపు పిండి పిసికింది.

"వినుంటే ఆయన తలుపు వదిలేసేవాడా?"

"నాకు తెలీదు ఐలీన్."

"నాకూ తెలీదు" అంది ఐలీన్. "ఎన్నిసార్లు అనుకున్నా తెలీడం లేదు. మొండివాడు. వినేవాడు కాదేమో. వినేవాడేమో."

ఆ తర్వాత వాళ్ళు స్నేహితులయ్యారని చెబితే అది అబద్ధం. ఐలీన్ షెడ్డూ ఇల్లూ అమ్మేసి, చెల్లెలి దగ్గరికి అర్కాన్సా వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వంటగది తాళాలు నెల్డా చేతికిచ్చింది. క్రిస్మస్‌కి కార్డు పంపదు, నెల్డా పంపితే వెనక్కీ తిప్పదు. నెల్డా ఇప్పటికీ ఆ స్కూల్లోనే వంట చేస్తోంది. మధ్యాహ్నం పిల్లలు వరసలో నిలబడి ఏదో చెప్పబోయి, మధ్యలో మర్చిపోయి, నసుగుతూ ఉంటే, వెనక ఎంత మంది ఉన్నా గరిటె పక్కన పెట్టి వాళ్ళు ముగించేదాకా నిలబడుతుంది. అందువల్ల వరస ఆలస్యమవుతోందని టీచర్లు రెండుసార్లు ఫిర్యాదు చేశారు.